తలుపు గడియకు వారానికొక గడియ

తెలుగులో ‘గడియ’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. తలుపును బిగించి ఉంచే సాధనం మొదటిది. 24 నిమిషాల కాలం రెండవది. పగలూ రాత్రీ కలిసిన దినానికి 60 గడియలని మన పెద్దలు లెక్క కట్టారు. యంత్రసామగ్రి నిర్వహణలో అనుభవమున్న వారు ఈ రెండు గడియలకూ గల సంబంధాన్ని సులభంగా గ్రహించగలరు. వారానికొక గడియ కాలం శ్రద్ధ చూపితే యంత్రం తలుపు గడియ ఏళ్ళ తరబడి నమ్మకంగా పనిచేస్తుంది. ఆ కొద్దిపాటి కాలాన్ని మిగుల్చుకోవాలని చూసిన చోట గోటితో పోయేదానికి గొడ్డలి అవసరమవుతుంది.

భారీ యంత్రాల గురించి మాట్లాడుకునేటప్పుడు ఇంజను, హైడ్రాలిక్ పంపు, చైను, బకెట్టు పళ్ళు అందరికీ గుర్తుకు వస్తాయి. క్యాబిన్ తలుపు గడియ మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. లాగ్‌బుక్కులో “తలుపు సరిగా పడటం లేదు” అని ఆపరేటరు రాసినా, పని ఆగే లోపం కాదు గదా అనే భావంతో దానిని వాయిదా వేయడం ఎన్నో వర్క్‌షాపులలో సహజంగా జరుగుతూ ఉంటుంది. ఇది పని ఆపే లోపం కాదన్న మాట నిజమే. కాని మనిషికి అపాయం తెచ్చే లోపం. ఈ తేడాను మన కార్మిక సోదరులకూ, వారి కుటుంబ సభ్యులకూ వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లింబాయత్ వీథులలో

గుజరాత్ రాష్ట్రంలోని హజీరా, కవాస్, కాక్రాపార్ వంటి చోట్ల ప్రభుత్వ రంగ సంస్థలలో పనిచేసే తెలుగువారికి సూరత్ నగరంలోని లింబాయత్ పేరు కొత్త కాదు. కరీంనగర్, నల్గొండ, వరంగల్ తదితర తెలంగాణ జిల్లాల నుండి బ్రతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్ళిన నేత కార్మికుల కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలి సోదరులు, అక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. ఊళ్ళో చేనేత మగ్గం మీద కూర్చున్న చేతులే అక్కడ మరమగ్గాలను నడిపాయి. సిరిసిల్లలో సాంచాలు అని పిలుచుకునే ఆ మరమగ్గాల చప్పుడే సూరత్‌లోనూ వారి దినచర్య అయింది. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది.

నగరపాలక సంస్థ పరిపాలనా విభాగాలలో ఆగ్నేయ మండలంగా పేరుపొందిన ఈ ప్రాంతం గుండా మీఠీ ఖాడీ అనే వాగు ప్రవహిస్తుంది. వర్షాకాలంలో ఈ వాగు పొంగినప్పుడు లింబాయత్‌లోని పల్లపు వీథులు నీట మునగడం అక్కడివారికి తెలిసిన కష్టమే. అందువలన వాగులో పూడిక తీయడం, మురుగు కాల్వలు శుభ్రం చేయడం, పైపులైన్లకు కందకాలు త్రవ్వడం అక్కడ విడువరాని పనులు.

పూడిన కాల్వను అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో సూరత్ నగరానికి ఒకరు చెప్పవలసిన అవసరం లేదు. 1994 సెప్టెంబరులో, భారీ వర్షాలు, వరద ముంపు, తొలగించని చెత్త పేరుకున్న పరిస్థితులలో ఆ నగరంలో ప్లేగు వ్యాధి ప్రబలింది. లక్షలాది ప్రజలు ఇల్లు వాకిలి వదలి వెళ్ళిపోయారు. 1995 మే నెలలో కమిషనరుగా బాధ్యతలు స్వీకరించిన తెలుగు అధికారి శ్రీ సూర్యదేవర రామచంద్రరావు నగర స్వరూపాన్నే మార్చివేశారు. ఆయన ప్రవేశపెట్టిన పద్ధతిలో గొప్ప రహస్యమేమీ లేదు. అధికారులు ప్రతిదినం తమ చల్లని గదులు విడిచి వీథులలోకి వచ్చి పారిశుద్ధ్యాన్ని స్వయంగా తనిఖీ చేయాలి. ‘ఏసీ నుండి డీసీకి’, అనగా ఎయిర్ కండిషన్ నుండి డైలీ చోర్స్‌కు, అనే నినాదంగా అది ప్రసిద్ధి చెందింది. 1996లో సూరత్ దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా గుర్తింపు పొందింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందౌర్‌తో కలిసి ప్రథమ స్థానాన్ని పంచుకుంది.

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి తపతీ నదిలోకి భారీగా నీరు విడుదలై నగరంలో అధిక భాగం మునిగినప్పుడు కూడా, నీరు తీసిన తరువాత మిగిలిన బురదను తొలగించడమే పెద్ద పని అయింది. ఇటువంటి పనులకు ఇరుకు వీథులలోకి పెద్ద యంత్రాలు పోలేవు. అక్కడ అక్కరకు వచ్చేది చిన్న యంత్రమే.

చిన్న యంత్రం, ఇరుకు చోటు

త్రవ్వే యంత్రమేదైనా మన జనం నోట జేసీబీ, లేకుంటే పొక్లెయిన్. మొదటిది బ్రిటిషు కంపెనీ పేరు, రెండవది ఫ్రెంచి కంపెనీ పేరు. కంపెనీల పేర్లే యంత్రాల పేర్లయి తెలుగులో స్థిరపడిపోయాయి. మనం చెప్పుకుంటున్నది పొక్లెయిన్ జాతికి చెందిన చిన్న యంత్రం. చైన్ల మీద నడుస్తూ, పై భాగం చుట్టూ తిరిగే ఈ మినీ ఎక్స్కవేటర్ పనికి సిద్ధంగా ఉన్నప్పుడు 6 టన్నులకు మించని బరువు ఉంటుందని అంతర్జాతీయ ప్రమాణాలు నిర్వచించాయి. 1970ల దశకంలో జపాన్ దేశపు ఇరుకైన పట్టణ వీథుల అవసరాల కోసం ఈ తరహా యంత్రాలు వృద్ధి చెందాయి. ఇప్పుడు కర్మాగారాలలో కేబుల్ కందకాలకూ, టౌన్‌షిప్పులలో నీటి గొట్టాలకూ, పట్టణాలలో మురుగు కాల్వలకూ ఇవే పనికి వస్తున్నాయి.

ఈ యంత్రాలలో కొన్నింటికి పై కప్పు మాత్రమే ఉంటుంది. మరికొన్నింటికి అద్దాలతో కూడిన పూర్తి క్యాబిన్ ఉంటుంది. క్యాబిన్ అంటే ఎండావానల నుండి కాపాడే గూడు మాత్రమే కాదు. యంత్రం ఒరిగినా, బోర్లపడినా ఆపరేటరు చుట్టూ కొంత చోటు చితికిపోకుండా నిలబెట్టేందుకు రూపొందించిన ఉక్కు చట్రం అది. సీటు బెల్టు పెట్టుకొని ఆ చట్రం లోపలే ఉన్న మనిషికి రక్షణ. ఒరుగుతున్న యంత్రం నుండి బయటకు పడినవాడు దాని క్రిందనే నలిగిపోయే ప్రమాదముంది. తలుపు గడియకు ఇక్కడే రెండు బాధ్యతలు ఏర్పడుతున్నాయి. పని జరుగుతున్నప్పుడు తలుపును వదలకూడదు. బయటకు రావలసినప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా వదలాలి. ఈ రెండింటిలో ఏది చేయలేకపోయినా ఆ గడియ చెడినట్లే.

లింబాయత్ వంటి చోట ఈ మాటకు మరింత బలం ఉంది. వీథికి ఇరువైపులా ఇళ్ళు. యంత్రం పనిచేస్తుంటే చూడటానికి చేరే పిల్లలు. సరిగా పడని తలుపు, యంత్రం పై భాగం గిర్రున తిరిగినప్పుడు తెరుచుకుంటే ప్రక్కన ఉన్న మనిషికి తగులుతుంది, లేదా గోడకు కొట్టుకొని అద్దం పగులుతుంది. ఊగుతున్న తలుపును పట్టుకోవాలని ఆపరేటరు ఎడమ చేతిని మీట మీద నుండి తీశాడంటే, అతని దృష్టి కూడా బకెట్టు మీద నుండి తొలగిపోతుంది. వాగు గట్టున యంత్రం జారినప్పుడైతే తెరుచుకోని తలుపు అంతకంటె భయంకరం.

గడియ ఎలా పనిచేస్తుంది?

వర్క్‌షాపులో అందరూ దీనిని లాచ్ అనే పిలుస్తారు. దీని సూత్రం మన కారు తలుపుకు ఉన్నదే. క్యాబిన్ స్తంభానికి బోల్టులతో బిగించిన గట్టి ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. దీనిని స్ట్రైకరు అంటారు. తలుపు అంచున ఉన్న పెట్టెలో చీలిక గల కొక్కెం ఒకటి ఇరుసు మీద తిరుగుతుంది. తలుపు వేసినప్పుడు స్ట్రైకరు ఆ చీలికలోకి దూరి కొక్కెమును త్రిప్పుతుంది. కొక్కెం తిరిగిన వెంటనే దాని వెనుక అడ్డుమీట ఒకటి స్ప్రింగు బలంతో పడి, అది వెనుకకు తిరగకుండా ఆపుతుంది. అప్పుడు వినిపించేదే ‘టక్కు’ మనే చప్పుడు.

చాలా గడియలలో ఈ చప్పుడు రెండుసార్లు వినబడాలి. మొదటి చప్పుడుకు తలుపు సగమే పడినట్లు. రెండవ చప్పుడుకు పూర్తిగా పడినట్లు. సగం పడిన తలుపు చూపుకు మూసినట్లే ఉంటుంది, కాని యంత్రం కంపనాలకు వదులవుతూ ఉంటుంది. చేతిపిడి లాగినప్పుడు ఒక సన్నని కడ్డీ, లేదా కేబులు, అడ్డుమీటను పైకి లేపుతుంది. అప్పుడు కొక్కెం తన స్ప్రింగు బలంతో వెనుకకు తిరిగి స్ట్రైకరును వదులుతుంది. లోపలి పిడి, బయటి పిడి, తాళం చెవి, మూడూ చివరకు ఈ అడ్డుమీట దగ్గరకే వచ్చి చేరుతాయి.

ఇది గాక అనేక నమూనాలలో రెండవ గడియ ఒకటి ఉంటుంది. గాలి కోసం తలుపును పూర్తిగా వెనుకకు తెరచినప్పుడు దానిని క్యాబిన్ ప్రక్కకు పట్టి ఉంచేది అదే. దీనిని అందరూ మరచిపోతారు. ఇది చెడితే తెరచిన తలుపు రెపరెపలాడుతూ ముందుకు వచ్చి కొట్టుకుంటుంది.

మరమగ్గం మీద పనిచేసిన వారికి ఇందులో వింత ఏమీ కనిపించదు. పేక దారం తెగినప్పుడు మగ్గాన్ని ఆపివేసేది కూడా వేలెడు ఫోర్కు ఒకటే. ఆ చిన్న ఫోర్కు వంగినా, దానికి దూది పట్టినా మగ్గం గుడ్డిగా నడుస్తూ బట్టను పాడుచేస్తుందని లింబాయత్ నేతకార్మికుడు ఎరుగును. పెద్ద యంత్రం మంచిచెడ్డలు చిన్న భాగాల చేతిలో ఉంటాయనడానికి ఇంతకంటె దగ్గర ఉదాహరణ దొరకదు.

ఎందుకు చెడుతుంది?

గడియ తనంతట తానుగా విరగడం అరుదు. దానిని చెడగొట్టే కారణాలు సాధారణంగా బయట ఉంటాయి.

మొదటిది బందుల అరుగుదల. తలుపు అద్దంతో కలిసి బరువైనది. దిగేటప్పుడు దానిని పట్టుకొని వ్రేలాడే అలవాటు ఆపరేటర్లలో ఉంది. క్రమేణా బందుల పిన్నులు, బుష్షులు అరిగి తలుపు కొన్ని మిల్లీమీటర్లు క్రిందికి జారుతుంది. కొక్కెం ఇక స్ట్రైకరుకు ఎదురుగా ఉండదు.

రెండవది దుమ్ము. గ్రీజు ఎక్కువ పూస్తే మంచిదనే భ్రమ ఒకటి ఉంది. ఎక్కువైన గ్రీజుకు దుమ్ము అంటుకొని ఆకురాయి పొడి వంటి ముద్ద తయారవుతుంది. అది ఇరుసులను అరగదీస్తుంది, చలికాలం ఉదయాలలో అడ్డుమీటను పడనీయదు. పూడిక పనులలో మురుగు నీరు తగిలి తుప్పు పట్టడం దీనికి తోడు.

మూడవది తలుపును విసరి కొట్టడం. గట్టిగా వేస్తే గాని పడటం లేదంటే ఏదో లోపం ఉన్నదని అర్థం. ఆ లోపం సరిచేయకుండా ఇంకా గట్టిగా కొడుతూ పోతే స్ట్రైకరు వంగుతుంది, స్ప్రింగు విరుగుతుంది.

నాలుగవది కడ్డీ చివర ఉండే ప్లాస్టిక్ క్లిప్పు. ఎండకు పెళుసెక్కి విరిగిన ఈ చిన్న ముక్క వలన పిడి ఊరికే ఆడుతుంది గాని తలుపు తెరుచుకోదు. ఐదవది గట్టిపడిన రబ్బరు బీడింగు. అది తలుపును వెనుకకు నెట్టుతూ గడియను పూర్తిగా పడనీయదు.

లోపాన్ని కనుగొనే క్రమం

ముందుగా యంత్రాన్ని చదును నేల మీద నిలిపి, బకెట్టునూ ముందరి బ్లేడునూ నేలకు ఆనించి, ఇంజను ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకోవాలి. భద్రతా మీటను పైకెత్తి ఉంచాలి. “మరమ్మతు జరుగుతోంది – స్టార్టు చేయరాదు” అనే అట్ట తగిలించాలి. చిన్న పనికి ఇంత తతంగమెందుకని అనిపించవచ్చు. తలుపు దగ్గర వంగి పనిచేసేవాని భుజం కంట్రోలు మీటకు తగలడానికి ఎంతో సేపు పట్టదు.

తరువాత మొదటి పరీక్ష. తలుపు తెరచి ఉండగానే, స్క్రూడ్రైవరుతో కొక్కెమును మూసే దిశగా త్రిప్పాలి. రెండు చప్పుళ్ళు స్పష్టంగా వినబడాలి. ఆ స్థితిలో కొక్కెం చేతితో కదిపినా వెనుకకు రాకూడదు. ఇప్పుడు బయటి పిడి లాగితే అది స్వేచ్ఛగా వెనుకకు తిరగాలి. లోపలి పిడితోనూ ఇదే విధంగా చూడాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. పరీక్ష ముగించి తలుపు వేసే ముందు కొక్కెమును తప్పనిసరిగా తెరచిన స్థితికి తేవాలి. లేనిచో మూసిన కొక్కెం స్ట్రైకరుకు కొట్టుకొని రెండూ దెబ్బతింటాయి.

ఈ ఒక్క పరీక్షతో సగం సమస్య తేలిపోతుంది. తలుపు తెరచి ఉన్నప్పుడు గడియ బాగా పనిచేస్తూ, మూసినప్పుడు మాత్రం మొరాయిస్తే లోపం గడియలో లేదు. అది అమరికలో ఉంది. బందులనూ, స్ట్రైకరునూ, బీడింగునూ చూడాలి. రెండు స్థితులలోనూ మొరాయిస్తే లోపం గడియలో గాని, కడ్డీలో గాని ఉంది. ఈ విభజన చేసుకోకుండా కనిపించిన బోల్టునల్లా విప్పడం వలన కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది.

రెండవ పరీక్ష బందులకు. తలుపును సగం తెరచి, చివరి అంచును రెండు చేతులతో పట్టుకొని పైకీ క్రిందికీ కదపాలి. ఆట కనిపిస్తే ముందు పిన్నులు, బుష్షులు మార్చాలి. బందులు సరిచేయకుండా స్ట్రైకరును క్రిందికి జరపడం అనేకులు చేసే పొరపాటు. అది కొన్ని వారాలే నిలుస్తుంది. తలుపు ఇంకా జారుతుంది, స్ట్రైకరు జరపడానికి చోటు మిగలదు.

మూడవ పరీక్ష బీడింగుకు. పాత దినపత్రిక నుండి సన్నని కాగితపు ముక్క చించి, తలుపు అంచున పెట్టి మూసి, మెల్లగా లాగాలి. చుట్టూ అన్ని చోట్లా కొద్దిపాటి బిగింపుతో రావాలి. ఒకచోట జారిపోయి, మరొకచోట చిరిగిపోతే తలుపు వంకరగా కూర్చుంటున్నదని గ్రహించాలి.

మరమ్మతు చేసే విధానం

అమరిక లోపమైతే స్ట్రైకరును సరిచేయాలి. ముందు దాని చుట్టూ సన్నని గీత గీసి పాత స్థానాన్ని గుర్తుపెట్టుకోవాలి. బోల్టులను పూర్తిగా విప్పకుండా, చిన్న సుత్తితో తడితే కదిలేంత మాత్రమే వదులు చేయాలి. ఒక్కొక్కసారి 1 మిల్లీమీటరు చొప్పున జరుపుతూ, బిగించి, తలుపు వేసి చూడాలి. స్ట్రైకరును లోపలికి జరిపితే తలుపు బీడింగుకు గట్టిగా ఆనుతుంది. మరీ లోపలికి పోతే విసరి కొట్టవలసి వస్తుంది. బయటకు జరిపితే తేలికగా పడుతుంది. మరీ బయటకు వస్తే తలుపు గలగలలాడుతుంది. మామూలుగా నెడితే రెండు చప్పుళ్ళతో పడి, కదిపినా ఆడకుండా, రెండు వేళ్ళతో పిడి లాగితే తెరుచుకోవడమే సరైన అమరిక. చివరగా బోల్టులను తయారీదారు పుస్తకంలో చెప్పిన బిగువుకు, థ్రెడ్ లాకింగ్ ద్రవం రాసి బిగించాలి.

దుమ్ము పట్టిన గడియకు శుభ్రతే వైద్యం. తగిన శుభ్రపరచే ద్రావకంతో, పాత టూత్‌బ్రష్షుతో లోపలి ముద్దనంతా కడిగి, కళ్ళజోడు ధరించి గాలితో ఊది ఆరబెట్టాలి. డీజిలు గాని, కిరోసిన్ గాని రబ్బరు బీడింగుపై పడకుండా చూడాలి, అవి రబ్బరును ఉబ్బజేస్తాయి. ఆరిన తరువాత ఇరుసులకు ఒకటి రెండు చుక్కల పలుచని నూనె, కొక్కెం ముఖానికీ స్ట్రైకరుకూ పలుచని గ్రీజు పూత చాలు. మిగిలినది గుడ్డతో తుడిచివేయాలి. తాళం రంధ్రంలో గ్రీజు వేయరాదు, గ్రాఫైటు పొడి మేలు. యంత్రాన్ని కడిగేటప్పుడు ప్రెషరు నీటిని నేరుగా గడియ మీదికి కొట్టరాదు.

పిడిలో లోపమైతే తలుపు లోపలి మూత విప్పి కడ్డీనీ, క్లిప్పునూ, కేబులునూ చూడాలి. కేబులు బిగించేటప్పుడు పిడికి కొద్దిపాటి ఆట తప్పక మిగల్చాలి. ఆట లేకుండా బిగించిన కేబులు అడ్డుమీటను ఎల్లవేళలా కాస్త పైకి లేపి ఉంచుతుంది. అటువంటి తలుపు ఒక రోజంతా బాగానే ఉండి, రాయి మీద చైను ఎక్కిన కుదుపుకు తెరుచుకుంటుంది. వర్క్‌షాపులో ఎంత వెదికినా కారణం దొరకని ఫిర్యాదులు కొన్ని ఇటువంటివే.

కొక్కెం పన్ను అరిగినా, స్ప్రింగు విరిగినా గడియను మొత్తంగా మార్చడమే సరైన పని. అరిగిన పన్నును ఆకురాయితో రాచి పదును చేయడం, వెల్డింగుతో నింపడం తగదు. వేడికి ఉక్కు స్వభావం మారుతుంది. యంత్రం సీరియలు నంబరు చూపి సరైన విడిభాగాన్నే తెప్పించాలి. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. కొత్త గడియ పాత రంధ్రాలకు సరిపోలేదని క్యాబిన్ స్తంభానికి కొత్త రంధ్రాలు వేయరాదు, వెల్డింగు చేయరాదు. ఆ స్తంభం రక్షణ చట్రంలో భాగం. తయారీదారు అనుమతి లేని ప్రతి రంధ్రమూ ఆ చట్రాన్ని బలహీనపరుస్తుంది.

పని పూర్తి అయిన తరువాత బయటి పిడి, లోపలి పిడి, తాళం, తెరచి ఉంచే గడియ, నాలుగింటినీ పదేసిసార్లు పరీక్షించాలి. ఇంజను నడిపి, కంపనంలో కూడా తలుపు నిలుస్తున్నదో లేదో చూడాలి. ఆ పరీక్షలో ఆపరేటరును భాగస్వామిని చేయాలి. రేపటి నుండి దానితో బ్రతకవలసింది అతడే.

మూసుకొని తెరుచుకోని తలుపు ఎదురైతే గునపంతో పెకలించరాదు. ఒకరు బయటి నుండి తలుపును లోపలికి గట్టిగా నొక్కుతుండగా మరొకరు పిడి లాగాలి. నొక్కడం వలన బీడింగు నెట్టుడు తగ్గి, అడ్డుమీట మీది భారం తొలగి చాలాసార్లు తెరుచుకుంటుంది. అత్యవసరంలో ఏ కిటికీ నుండి బయటపడాలో, అద్దం పగులగొట్టే సుత్తి ఎక్కడున్నదో ఆపరేటరు మొదటి రోజునే తెలుసుకొని ఉండాలి.

బైండింగు వైరు అనే శత్రువు

తలుపు పడకపోతే మన పని స్థలాలలో మొదట వెదికేది పానా కాదు, బైండింగు వైరు. నాలుగు చుట్లు చుట్టి, కటింగ్ ప్లేయరుతో మెలిపెడితే తలుపు కదలదు, పని ఆగదు. ఆ రోజుకు అది తెలివైన ఉపాయంగానే కనిపిస్తుంది. కాని ఆ తీగ గడియ చేయవలసిన రెండు పనులలో ఒకదానినే చేస్తోంది. తలుపును పట్టి ఉంచుతోంది, వదలమంటే వదలదు. లోపలున్న మనిషి దానిని విప్పలేడు. ఎండలో ఇంజను వైపు పొగ వచ్చినా, వాగు గట్టు జారి యంత్రం నీటి వైపు ఒరిగినా, బయట ఎవరో వచ్చి ప్లేయరుతో మెలిక విప్పేంత వరకు అతడు బందీయే.

తలుపునే ఊడదీసి ప్రక్కన పెట్టడం మరొక ఉపాయం. తయారీదారు పుస్తకం అనుమతించని పక్షంలో అదీ తగదు. ఎగిరివచ్చే రాయికీ, లోపలికి చొచ్చుకువచ్చే ఇనుప ఊచకూ అప్పుడు అడ్డు ఉండదు.

ఇందులో నేరమంతా ఆపరేటరు మీద మోపడం న్యాయం కాదు. అతడు తీగ చుట్టడానికి ముందు ఎన్నిసార్లు ఫిర్యాదు చేశాడో లాగ్‌బుక్కు చెబుతుంది. విడిభాగం కోసం ఇండెంటు పెట్టవలసినవారు పెట్టారా, స్టోర్సులో అది ఉన్నదా, పని ఒత్తిడిలో యంత్రాన్ని ఒక పూట ఆపడానికి సూపర్వైజరు ఒప్పుకున్నాడా అన్న ప్రశ్నలు కూడా వేసుకోవాలి. యంత్రానికి చుట్టిన తీగ ఒక్క మనిషి అలవాటును కాదు, మొత్తం పని స్థలం అలవాటును చూపుతుంది. కావున తీగ కనబడిన చోట మందలింపు కంటె ముందు జాబ్ కార్డు తెరవడం మంచి పద్ధతి.

వారానికొక గడియ

ఈ క్రింది పనులన్నీ కలిపి ఒక గడియ కాలంలో, అనగా 24 నిమిషాలలో, ఒక్కరే చేయదగినవి:

1. స్ట్రైకరును గుడ్డతో తుడిచి, కొత్త గీతలు పడినవేమో చూడాలి. ఒకే ప్రక్క మెరుస్తుంటే అమరిక తప్పుతున్నదని గుర్తు.

2. తలుపు తెరచి స్క్రూడ్రైవరుతో కొక్కెమును పరీక్షించాలి. రెండు చప్పుళ్ళు వినాలి.

3. లోపలి పిడి, బయటి పిడి, తాళం, తెరచి ఉంచే గడియలను వేరువేరుగా చూడాలి.

4. తలుపు అంచును ఎత్తి బందులలో ఆట ఉన్నదేమో గమనించాలి.

5. స్ట్రైకరు బోల్టులూ, బందుల బోల్టులూ వదులు కాలేదని నిర్ధారించుకోవాలి.

6. పాత గ్రీజు తుడిచి, పలుచగా కొత్తది రాయాలి.

7. కనిపించిన విషయాన్ని తేదీతో సహా లాగ్‌బుక్కులో రాయాలి. ‘బాగున్నది’ అన్న మాట కూడా రాయదగినదే.

బురద పనిలోనూ, వానాకాలంలోనూ ఈ శుభ్రత ప్రతిదినం అవసరం. రోజూ పనిలోకి దిగే ముందు తలుపు వేసి రెండవ చప్పుడు వినడం మాత్రం ఏ కాలంలోనూ మానరాదు.

కుటుంబ సభ్యులకు ఒక మాట

ఈ వ్యాసం ఇంత వరకు చదివిన గృహిణులు, పిల్లలు, యంత్రాల సంగతి మాకెందుకని అనుకోవచ్చు. మీ ఇంటి వీథిలో కాల్వ త్రవ్వే యంత్రం వచ్చినప్పుడు దాని చుట్టూ చేరే పిల్లలు మన పిల్లలే. యంత్రం పై భాగం ఎటు వైపుకైనా తిరుగగలదని, ఆపరేటరుకు తన వెనుకవైపూ, కుడివైపూ సరిగా కనిపించదని వారికి చెప్పండి. ఆపరేటరు బకెట్టును నేలకు దించి, మిమ్మల్ని చూసి చేయి ఊపేంత వరకు ఎవరూ దగ్గరకు పోరాదు.

అలాగే యంత్రం మీద పనిచేసే మీవారిని సాయంకాలం ఇంటికి వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: “తలుపు సరిగా పడుతోందా?” సూపర్వైజరు అడిగితే దాటవేసే సమాధానం ఇంట్లో అడిగితే దాటవేయలేరు.

ప్రతి సంవత్సరం మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం నాడు మనమంతా చేయి చాచి ప్రతిజ్ఞ చేస్తాం. ఆ ప్రతిజ్ఞ నిలబడేది మిగిలిన రోజులలో చేసే చిన్న పనుల మీదనే. సూరత్ నగరం ఒక్క రోజు చీపురు పట్టి శుభ్రం కాలేదు. ఏ కాల్వ ఎవరిదో నిర్ణయించి, రోజూ వెళ్ళి చూడటం వలన అయింది. మన యంత్రాల తలుపులకూ అదే పద్ధతి కావాలి. ప్రతి గడియకూ చూసుకునే మనిషి ఒకరు, ప్రతి వారం అతనికి ఒక గడియ కాలం, స్టోర్సులో ఒక అదనపు గడియ. ఈ మూడు ఏర్పాట్లూ ఉన్న వర్క్‌షాపులో బైండింగు వైరు సెంట్రింగు పనికే మిగులుతుంది.